నాలుగు చిల్లుల ఆపరేషన్

పిత్తాశయంలో రాళ్లు ఉంటే ఒకప్పుడు కుడి డొక్క కింద జానెడు కోత పెట్టేవారు. చర్మం, కొవ్వు, మూడు పొరల కండ కోస్తే గాని సర్జన్ చెయ్యి లోపలికి వెళ్లేది కాదు. తీయవలసింది మాత్రం మూడు నాలుగు అంగుళాల సంచి. ఆపరేషన్ తర్వాత రోగి పడే బాధలో ఎక్కువ పాలు ఆ సంచి తీసినందుకు కాదు, దాని దగ్గరికి చేరడానికి కోసిన కండది. దగ్గితే నొప్పి. గట్టిగా ఊపిరి పీలిస్తే నొప్పి. నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీస్తే ఊపిరితిత్తుల అడుగున కఫం చేరి జ్వరం. లాప్రోస్కోపీలో లోపల చేసే పని అదే, లోపలికి వెళ్లే దారి ఒక్కటే మారింది. 5 నుంచి 10 మిల్లీమీటర్ల చిల్లులు నాలుగు పెడితే అదే సంచి బయటికి వస్తుంది. రోగి ఆ సాయంత్రమే లేచి నడుస్తాడు.

భిలాయ్ క్యాంప్ 2 లాంటి చోట ఈ తేడా కూలి డబ్బుల్లో తెలుస్తుంది. ఉక్కు కర్మాగారం కట్టే రోజుల్లో పనివాళ్ల కోసం వెలిసిన బస్తీ ఇది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. ప్లాంటులో పర్మనెంటు ఉద్యోగికి సెక్టర్ 9లో జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి ఉంది, జీతంతో సెలవు ఉంది. ఠేకేదారు కింద రోజుకూలికి పనిచేసేవాడికి డ్యూటీకి వెళ్లని రోజు చేతికి ఏమీ రాని రోజే. పెద్ద కోత పడితే బరువు ఎత్తే పనికి మళ్లీ వెళ్లడానికి నెలా రెండు నెలలు పట్టేది. ఈ ప్రాంతపు ఆసుపత్రి బోర్డుల మీద హిందీలో ‘దూర్బీన్ ఆపరేషన్’ అని రాసేది ఈ చిల్లుల ఆపరేషన్‌నే. ఆ దూర్బీన్‌లో, దానితోపాటు లోపలికి వెళ్లే పనిముట్లలో, వాటిని పట్టుకునే పద్ధతిలో గత ముప్ఫై ఏళ్లలో చాలా మార్పు వచ్చింది.

మొదట కావలసింది చూపు. 1901లో జర్మన్ వైద్యుడు గేయోర్గ్ కెల్లింగ్ ఒక కుక్క పొట్టలోకి గాలి ఎక్కించి, గొట్టం దూర్చి లోపలి అవయవాలను చూపించాడు. 1910లో స్వీడన్‌లో హాన్స్ క్రిస్టియన్ యాకోబేయస్ మనుషుల్లో ఆ పని చేశాడు. గొట్టం చివర చిన్న బల్బు, మసక వెలుతురు, కన్ను ఆనించి చూసేవాడికి ఒక్కడికే కనిపించే బొమ్మ: అంతవరకే. భిలాయ్‌లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన 1959లోనే ఇంగ్లండ్‌లో హెరాల్డ్ హాప్కిన్స్ గొట్టం లోపలి కటకాల అమరికను తిరగవేశాడు. గాలి మధ్య పలుచని కటకాలు పెట్టే బదులు పొడవాటి గాజు కడ్డీలు పెట్టి, వాటి మధ్య సన్నని గాలి సందులు వదిలాడు. దాంతో కంటికి చేరే వెలుతురు ఎన్నో రెట్లు పెరిగింది. బల్బు బయటికి వచ్చి, దాని కాంతి ఫైబర్ తీగల గుండా లోపలికి వెళ్లడం మొదలైంది. 1980లలో గొట్టం వెనక వీడియో కెమెరా చేరింది. దానితో అసలు మలుపు వచ్చింది. సర్జన్ చూసేదే అసిస్టెంటూ, నర్సూ చూస్తే తప్ప నాలుగు చేతులతో చేసే ఆపరేషన్ సాగదు. ఇప్పటి 4కె కెమెరాలు, రెండు కళ్లకు రెండు బొమ్మలు చూపి లోతు తెలిపే త్రీడీ కెమెరాలు ఆ దారిలో వచ్చినవే.

చూడాలంటే ఖాళీ కావాలి. మామూలుగా పొట్టలో పేగులు ఒకదానికొకటి ఆనుకుని, పొట్ట గోడకు తగిలి ఉంటాయి. అందుకని ముందు బొడ్డు దగ్గర సన్నని సూది గుచ్చి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. ఆ సూదిని 1930లలో హంగేరీ వైద్యుడు యానోష్ వెరెష్ క్షయ రోగుల ఛాతీలోకి గాలి ఎక్కించడానికి తయారుచేశాడు. గట్టి పొర దాటగానే స్ప్రింగు ఒక మొద్దు ముక్కును ముందుకు తోసి సూది మొనను కప్పేస్తుంది, లోపలి పేగు గుచ్చుకోకుండా. క్షయకు మందులు వచ్చాక ఆ చికిత్స పోయింది, సూది లాప్రోస్కోపీలో మిగిలింది. కార్బన్ డయాక్సైడ్‌నే ఎంచుకోవడానికి కారణాలు రెండు: కరెంటు నిప్పురవ్వకు అంటుకోదు, రక్తంలో త్వరగా కరిగి ఊపిరితో బయటికి పోతుంది. పీడనం 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం. ఈ మధ్య వీలైన చోట 8 లేదా 10తోనే సరిపెడుతున్నారు, ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గుతుందని. ఆ నొప్పి భుజంలో వస్తే ఇంటివాళ్లు గుండెపోటేమోనని కంగారు పడతారు. ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే ఉదరవితానం గ్యాస్‌తో సాగినప్పుడు అక్కడి నరం భుజంలో నొప్పిగా తెలుపుతుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

పనిముట్ల సంగతి. పొడవాటి సన్నని కడ్డీ, ఒక చివర పిడి, ఇంకో చివర పట్టుకారు లేదా కత్తెర. చిల్లు దగ్గర కడ్డీ ఇరుసు మీద తిరిగినట్టు తిరుగుతుంది కాబట్టి సర్జన్ చెయ్యి కుడికి పోతే లోపలి మొన ఎడమకు పోతుంది. మణికట్టు మలుపు లోపలికి చేరదు. ఈ చేతివాటం అలవడాలంటే పెట్టె లోపల పూసలు మార్చే, కుట్లు వేసే అభ్యాసం గంటల తరబడి చేయాలి. రక్తనాళాన్ని కోసే ముందు మూయడానికి రెండు రకాల కొత్త పరికరాలు పేరు తెచ్చుకున్నాయి. ఒకటి రెండు దవడల మధ్య కరెంటు పంపి నాళపు గోడల్లోని కొలాజెన్‌ను కరిగించి అతికించేస్తుంది. 7 మిల్లీమీటర్ల నాళం వరకు దాన్ని నమ్మవచ్చు. రెండోది అల్ట్రాసోనిక్ బ్లేడు: సెకనుకు 55 వేలకు పైగా సార్లు కంపిస్తూ కోతా, మూతా ఒక్కసారే చేస్తుంది. పాత కరెంటు హుక్కు చవక, ఇప్పటికీ చాలా చోట్ల అదే వాడతారు. దాని పైతొడుగు ఎక్కడైనా పగిలితే కెమెరాకు కనిపించని చోట పేగు కాలుతుంది, రెండు మూడు రోజుల తర్వాత గాని ఆ సంగతి బయటపడదు. ప్రతి ఆపరేషన్‌కు ముందు ఆ తొడుగును పరీక్షించడం చిన్న పనే, వదిలేయకూడని పని.

పిత్తాశయం తీయడం ఈ విద్యకంతటికీ బడిలాంటి ఆపరేషన్. జర్మనీలో కుర్ట్ సెమ్ 1980లో అపెండిక్స్‌ను, ఎరిక్ మ్యూహె 1985లో పిత్తాశయాన్ని ఈ పద్ధతిలో తీసినప్పుడు తోటి సర్జన్లు మెచ్చుకోలేదు సరిగదా తప్పుపట్టారు. 1987లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఫిలిప్ మురే వీడియో సాయంతో తీశాక పద్ధతి ప్రపంచమంతా పాకింది. మన దేశంలో 1990లో ముంబయి జె.జె. ఆసుపత్రిలో టెహెమ్టన్ ఉద్వాడియా దీన్ని మొదలుపెట్టారు.

మత్తు ఇచ్చాక టేబులును తల వైపు పైకెత్తి, ఎడమకు ఒరిగిస్తారు. పేగులు కిందికి జారి కాలేయం అంచు బయటపడుతుంది. అసిస్టెంటు పిత్తాశయం కొసను పట్టి కుడి భుజం వైపు నెడతాడు. ఆ సంచి మెడ భాగాన్ని సర్జన్ పక్కకు లాగుతాడు. కాలేయానికి, పిత్తాశయ నాళానికి, పెద్ద పైత్యనాళానికి మధ్య ఉండే చిన్న ముక్కోణపు జాగాలో కొవ్వును కొద్దికొద్దిగా ఒలుస్తాడు. ప్రమాదమంతా అక్కడే ఉంది. రాళ్ల వల్ల పదేపదే వాచి అతుక్కుపోయిన చోట పెద్ద పైత్యనాళం పిత్తాశయ నాళంలా కనిపించి కళ్లను మోసం చేస్తుంది. దాన్ని కోసేస్తే రోగి జీవితం ఏళ్ల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరుగుతుంది. పెద్ద కోత రోజుల కన్నా లాప్రోస్కోపీలో ఈ పొరపాటు ఎక్కువగా నమోదైంది: వెయ్యిమందిలో సుమారు ముగ్గురి నుంచి ఐదుగురి దాకా. 1995లో అమెరికన్ సర్జన్ స్టీవెన్ స్ట్రాస్‌బర్గ్ దీనికి ఒక నియమం సూచించారు. ముక్కోణం పూర్తిగా శుభ్రపడాలి, పిత్తాశయం అడుగు మూడో వంతు కాలేయం నుంచి విడిపడి దాని వెనక కాలేయం కనిపించాలి, పిత్తాశయంలోకి రెండే రెండు దారాలు వెళ్తూ కనిపించాలి: ఒకటి నాళం, ఒకటి ధమని. ఈ మూడూ కుదిరాకే క్లిప్పులు, కత్తెర. కుదరకపోతే పిత్తాశయంలో కొంత భాగమే తీసి ఆపేయవచ్చు, లేదా పొట్ట తెరవవచ్చు. ఎన్ని యంత్రాలు వచ్చినా ఈ ఆపరేషన్‌లో ఇంతకన్నా విలువైన ఆవిష్కరణ లేదు. దానికి ఖర్చు కూడా ఏమీ లేదు.

ఆ నియమానికి తోడుగా ఒక ఆకుపచ్చ రంగు వచ్చింది. ఇండోసయనిన్ గ్రీన్‌ను ఆపరేషన్‌కు ముందే నరంలోకి ఎక్కిస్తే కాలేయం దాన్ని పైత్యరసంతో బయటికి పంపుతుంది. కంటికి కనిపించని పరారుణ కాంతి వేసి ప్రత్యేక కెమెరాతో చూస్తే కొవ్వు కింద దాగిన పైత్యనాళాలు వెలుగుతాయి. పేగు ముక్క తీసి రెండు చివర్లు కుట్టేటప్పుడు ఆ చివర్లకు రక్తం అందుతోందా అన్నదీ ఇదే రంగు చెబుతుంది. అయితే వాపు దట్టంగా ఉన్న చోట ఈ కాంతి కొన్ని మిల్లీమీటర్లకు మించి చొరబడదు, సాయం ఎక్కువ కావలసిందేమో అక్కడే.

ఛత్తీస్‌గఢ్‌లో ఈ ఆపరేషన్‌కు ఇంకో కోణం ఉంది. సికిల్ సెల్ వ్యాధి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఇది ఒకటి. కొడవలిలా వంగిన ఎర్ర కణాలు త్వరగా పగిలిపోతాయి, వాటి నుంచి వచ్చే బిలిరుబిన్ పిత్తాశయంలో నల్లటి రాళ్లుగా గట్టిపడుతుంది. అందువల్ల పదేళ్ల పిల్లల్లోనూ రాళ్లు కనిపిస్తాయి. వీళ్లకు మత్తు ఇవ్వడమే సున్నితమైన వ్యవహారం. ఒళ్లు చల్లబడినా, నీరు తగ్గినా, ఆక్సిజన్ తగ్గినా కణాలు మరింత వంగి రక్తనాళాల్లో అడ్డుపడతాయి. సిలిండరు నుంచి వచ్చే గ్యాస్ చల్లగా, పొడిగా ఉంటుంది కాబట్టి థియేటరును, సెలైన్‌ను వెచ్చగా ఉంచుతారు. అవసరాన్ని బట్టి హిమోగ్లోబిన్ 10 గ్రాముల దగ్గరికి వచ్చేలా ముందే రక్తం ఎక్కిస్తారు. చిన్న చిల్లులకు నొప్పి తక్కువ, ఊపిరి లోతుగా తీయగలరు, త్వరగా ఇంటికి వెళ్తారు. అయినా ఛాతీలో వచ్చే సికిల్ సంక్షోభం ముప్పు పూర్తిగా పోదు. కాబట్టి ఒక్కరోజులో పంపేయాలన్న తొందర వీళ్ల విషయంలో పనికిరాదు. ఇంట్లో ఎవరికైనా సికిల్ ఉంటే సర్జన్‌కు, మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి.

బరువులు ఎత్తేవాళ్ల ఊళ్లో గజ్జల్లో హెర్నియా తక్కువేమీ కాదు. లాప్రోస్కోపీలో పొట్ట గోడ పొరల మధ్యకే వెళ్లి, సుమారు 10 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు ఉన్న వలను లోపలి వైపు నుంచి పరుస్తారు. రెండు వైపులా హెర్నియా ఉన్నవారికి, ఒకసారి చేశాక మళ్లీ వచ్చినవారికి ఇది బాగా నప్పుతుంది. మొదటిసారి ఒక్క వైపే వస్తే, ఆ చోటు మాత్రమే తిమ్మిరెక్కించి బయటి నుంచి వల కుట్టే పాత పద్ధతి ఇప్పటికీ మంచిదే. గుండె బలహీనంగా ఉన్న పెద్దవాళ్లకు అదే మేలు. చిల్లుల ఆపరేషన్ కాదన్నంత మాత్రాన అది వెనకబడిన వైద్యం కాదు.

ఇక రోబో. రైల్ మిల్లులో ఎర్రగా కాలిన ఉక్కు దగ్గరికి మనిషి పోడు. పైన పల్పిట్ అనే గదిలో కూర్చున్న ఆపరేటరు లీవర్లతో దాన్ని రోలర్ల మధ్యకు నడుపుతాడు. రోబోటిక్ సర్జరీలో సర్జన్ కూర్చునే కన్సోల్ అలాంటిదే. యంత్రం తనంతట తాను ఏమీ కోయదు, సర్జన్ వేళ్ల కదలికను లోపలి మొనకు చేరుస్తుంది, అంతే. మామూలు లాప్రోస్కోపీలో పోయిన మణికట్టు మలుపు ఇక్కడ తిరిగి వస్తుంది. చేతి వణుకును యంత్రం వడకడుతుంది. పెద్ద కదలికను చిన్నదిగా మార్చి పంపుతుంది. అమెరికాలో డావిన్సీ రోబోకు 2000లో అనుమతి వచ్చింది. 2001 సెప్టెంబరు 7న న్యూయార్క్‌లో కూర్చున్న జాక్ మారెస్కో బృందం ఇంకో రకం రోబోతో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న రోగి పిత్తాశయాన్ని తీసింది. ఈ యంత్రాలకు మొదటి నుంచీ ఉన్న లోటు స్పర్శ. దారం ఎంత బిగుసుకుందో వేళ్లకు తెలియదు, కళ్లతో అంచనా కట్టాలి. 2024లో అమెరికాలో అనుమతి పొందిన డావిన్సీ 5లో కొన్ని పనిముట్లు కణజాలం మీద పడే బలాన్ని కొలిచి చేతికి తెలుపుతున్నాయి. డాక్టర్ సుధీర్ శ్రీవాస్తవ స్థాపించిన గురుగ్రామ్ సంస్థ మంత్ర అనే స్వదేశీ రోబోను తెచ్చింది. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఆధ్వర్యంలోని నిమ్స్‌లో 2023లో రోబోటిక్ సర్జరీ మొదలైంది.

రోబో ఎక్కడ అక్కరకొస్తుంది? ప్రోస్టేట్, పురీషనాళం లాంటి కటి ఎముకల మధ్య ఇరుకులో, మూత్రపిండంలో గడ్డ ఉన్న ముక్కనే తీసి మిగతాది కుట్టే చోట. మామూలు పిత్తాశయానికి దాని అవసరం రుజువు కాలేదు. అమెరికాలో మెడికేర్ బీమా కింద పిత్తాశయం తీయించుకున్న 10 లక్షల మందికి పైగా రోగుల వివరాలను పరిశీలించి 2023లో వెలువరించిన అధ్యయనంలో, సరిచేయవలసి వచ్చిన పైత్యనాళపు గాయాలు రోబోతో 0.7 శాతం, మామూలు లాప్రోస్కోపీతో 0.2 శాతం. అప్పు చేసి రోబో ఆపరేషన్ చేయించుకుందామనుకునే కుటుంబం తెలుసుకోవలసిన అంకె ఇది.

అసలు పొట్ట మీద చిల్లే లేకుండా చేయగలమా అన్న ప్రశ్నకు మనుషుల్లో మొదటి జవాబు హైదరాబాద్‌లో వచ్చింది. 2000 దశకం మధ్యలో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి, డాక్టర్ జి.వి. రావు నోటి గుండా ఎండోస్కోప్ పంపి, జీర్ణాశయం గోడకు లోపలి నుంచి రంధ్రం చేసి, దాని గుండా పొట్టలోకి వెళ్లి అపెండిక్స్ తీసి నోటి నుంచే బయటికి తెచ్చారు. ఆ రోగి పొట్ట మీద చర్మం కాలిన గాయాలతో బిగుసుకుపోయి ఉంది. మామూలు దారి మూసుకుపోయిన మనిషి కోసం వెతికిన దారి అది. ప్రపంచమంతా ఆసక్తిగా చూసింది. అయినా ఆ పద్ధతి నిత్య వైద్యంలోకి రాలేదు. జీర్ణాశయానికి చేసిన రంధ్రం గట్టిగా మూసుకోకపోతే లోపలిదంతా పొట్టలోకి కారుతుంది. 5 మిల్లీమీటర్ల మచ్చ తప్పించడానికి అంత ముప్పు ఎవరూ కోరుకోరు.

కాని ఆ ప్రయత్నంలో నేర్చుకున్నది వృథా కాలేదు. లోపలి నుంచి కోయడం, లోపలి నుంచే మూయడం ఎండోస్కోపీ వైద్యుల చేతికి వచ్చింది. జపాన్‌లో హరుహిరో ఇనూయె 2008లో పోయెమ్ అనే చికిత్స మొదలుపెట్టారు. అన్నవాహిక చివర కండరం సడలక, మింగిన ముద్ద కిందికి దిగక, రాత్రి పడుకుంటే తిన్నది వెనక్కి వచ్చే అకలేసియా జబ్బుకు అది. అన్నవాహిక లోపలి పొరను కాస్త కోసి, పొరకూ కండకూ మధ్య సొరంగంలా దారి చేసుకుంటూ ఎండోస్కోప్ కిందికి వెళ్తుంది. బిగుసుకున్న కండ పోగులను లోపల కత్తిరించి, వెనక్కి వచ్చి, కోసిన చోటును క్లిప్పులతో మూస్తారు. సొరంగం మొదలు ఒక చోట, కోసిన కండ ఇంకో చోట కాబట్టి ఛాతీలోకి కారే ముప్పు తగ్గింది. హైదరాబాద్ సంస్థ ఈ చికిత్సను పెద్ద ఎత్తున చేసే కేంద్రాల్లో ఒకటైంది. నాగేశ్వర్ రెడ్డికి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది.

ఇంకో వైపు నుంచి, సిలిండరు, వెంటిలేటరు లేని ఊళ్ల కోసం కూడా పని జరుగుతోంది. ఈశాన్య భారతంలోని గ్రామీణ సర్జన్లు గ్యాస్ బదులు పొట్ట గోడను రింగులాంటి లోహపు పరికరంతో పైకి ఎత్తి పట్టి ఆపరేషన్ చేస్తున్నారు. వెన్నులో ఇచ్చే మత్తు సరిపోతుంది. బ్రిటన్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయం మన వైద్యులతో కలిసి ఆ పరికరాన్ని మెరుగుపరిచింది. బస్తర్ వైపు చిన్న ఆసుపత్రులకు కోట్ల రూపాయల రోబో కన్నా ఇది దగ్గరి చుట్టం.

ఏ పద్ధతైనా, ఎవరి చేతిలోనైనా, పనిముట్లు శుభ్రంగా ఉండాలి. కడ్డీల సన్నని బోలులో, కీళ్లలో రక్తం, కొవ్వు ఇరుక్కుంటాయి. విప్పి, బ్రష్షుతో కడిగి, 121 లేదా 134 డిగ్రీల ఆవిరిలో పెట్టాలి. వేడికి తట్టుకోని వాటికి గ్యాస్ లేదా ప్లాస్మా యంత్రాలున్నాయి. చాలా చోట్ల రెండు కేసుల మధ్య గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో 20 నిమిషాలు ముంచి తీస్తారు. ఆ కాసేపటికి మొండి క్రిములన్నీ చావవు, పూర్తిగా చావాలంటే 10 గంటలు కావాలి. పైగా కడిగే నీళ్లలోనే ఉండే ఒక జాతి మైకోబాక్టీరియా మళ్లీ అంటుకుంటుంది. ఇలాంటప్పుడు చిల్లు మానిపోయిన మూడు నాలుగు వారాలకు అదే చోట గట్టి గడ్డ లేచి పల్చని చీము కారుతుంది. మామూలు యాంటీబయోటిక్‌లకు లొంగదు. చీమును దానికి తగిన ప్రత్యేక పరీక్షకు పంపి, నెలల తరబడి మందు వాడాలి.

ఈ జాగ్రత్త లేనప్పుడు ఏమవుతుందో చూసిన రాష్ట్రాలు రెండూ మనకు దగ్గరివే. 2014 నవంబరు 8న బిలాస్‌పుర్ దగ్గర సకరీలో, మూసి ఉన్న ఒక ఆసుపత్రి భవనంలో, ఒకే సర్జన్ కొన్ని గంటల్లో 83 మంది స్త్రీలకు లాప్రోస్కోపీ కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. పన్నెండు మందికి పైగా చనిపోయారు. ఇచ్చిన మాత్రల మీద, ఇన్‌ఫెక్షన్ మీద, రెండింటి మీదా అనుమానాలు వచ్చాయి. 2022 ఆగస్టు 25న తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో 34 మందికి అదే ఆపరేషన్ జరిగితే ఇన్‌ఫెక్షన్‌తో నలుగురు తల్లులు పోయారు. వాళ్లంతా ఆరోగ్యంగా నడిచి వచ్చినవాళ్లు. ఒక్కో కేసు నిమిషాల్లో అయిపోతుంది కాబట్టే ఒక్క పూటలో పదుల కేసులు పెట్టారు. పనిముట్లు శుభ్రపడే వేగం మాత్రం సర్జన్ చేతివేగాన్ని అందుకోలేదు. ఇలాంటి కుటుంబ నియంత్రణ శిబిరాలను మూడేళ్లలో పూర్తిగా ఆపాలని సుప్రీంకోర్టు 2016లో దేవికా బిశ్వాస్ కేసులో ఆదేశించింది.

చిన్న చిల్లుల వల్ల రోగి త్వరగా ఇల్లు చేరతాడు కాబట్టి, ఒకప్పుడు వార్డులో బయటపడే ఇబ్బంది ఇప్పుడు ఇంట్లో బయటపడుతుంది. పిత్తాశయం తీశాక రోజురోజుకూ నొప్పి తగ్గాలి. రెండో రోజు నుంచి వారం లోపు నొప్పి తగ్గక పెరిగితే, పొట్ట ఉబ్బితే, జ్వరమో వాంతులో వస్తే, కళ్లు పచ్చబడితే పైత్యరసం కారుతోందేమో, పేగుకు గాయమైందేమో చూడాలి. దగ్గర్లోని మందుల షాపులో మాత్ర కొనుక్కోవడం కాదు, చేసిన ఆసుపత్రికే ఆ రోజే వెళ్లాలి. మనవాళ్లు విశ్రాంతికని మూడో రోజే రైలెక్కి విజయనగరం వైపు ఊరికి బయలుదేరుతుంటారు. రాయగడ కొండల దారిలో నొప్పి ముదిరితే చూసే సర్జన్ ఉండడు. మొదటి తనిఖీ అయ్యేదాకా, అంటే కనీసం వారం, భిలాయ్‌లోనే ఉండడం మేలు. తేలిక పనికి వారం పది రోజుల్లో వెళ్లవచ్చు. బస్తాలు, ఇనుము ఎత్తే పనికి నాలుగు వారాల దాకా ఆగమని చాలామంది సర్జన్లు చెబుతారు, బొడ్డు దగ్గర పెద్ద చిల్లులోంచి హెర్నియా రాకుండా. డిశ్చార్జి కాగితం మీద ఆ గడువు రాయించుకుంటే ఠేకేదారుకు చూపించడానికీ పనికొస్తుంది.